కేదార్‌నాథ్‌లో దమ్ము లెక్క: 98 ఎందుకు 84 అయింది?

కిందటి ఏడాది మే నెలలో మా బాబాయి, పిన్ని కాలనీ వాళ్లతో కలిసి కాజీపేటలో రైలెక్కి కేదార్‌నాథ్ వెళ్లారు. అయిదో రోజు సాయంత్రం ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. బాబాయి చూపుడు వేలికి కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరు, దాని మీద ఎర్ర అంకెల్లో 84. కింద పిన్ని మెసేజ్: "మీ బాబాయికి దమ్ము ఆగుత లేదు."

ఇక గ్రూపులో టెన్షన్ మొదలైంది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. ఒకరు హెలికాప్టర్ అన్నారు, ఒకరు ఆక్సిజన్ డబ్బా అన్నారు, ఇంకొకరు కర్పూరం వాసన చూడమన్నారు. బాబాయి బలహీనుడేమీ కాదు. రోజూ పొద్దున్నే భద్రకాళి బండ్ మీద అయిదు కిలోమీటర్లు నడుస్తాడు, పద్మాక్షి గుట్ట మెట్లు ఆగకుండా ఎక్కుతాడు. అలాంటి మనిషికి నాలుగడుగులకు ఒకసారి ఆగాల్సిన అవస్థ ఎందుకొచ్చింది? ఆ రాత్రి గ్రూపులో చెప్పడానికి ప్రయత్నించి సగంలో వదిలేసిన సంగతే ఇది. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

ఆక్సిజన్ శాతం తగ్గదు, ఒత్తిడి తగ్గుతుంది

"పైన ఆక్సిజన్ ఉండదు" అని అందరం అనేస్తాం. నిజానికి మా ఊరు హనుమకొండ చౌరస్తాలో గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. కేదార్‌నాథ్ గుడి ముందు కూడా అంతే. ఎవరెస్ట్ కొన మీదా అంతే.

తగ్గేది గాలి ఒత్తిడి. మన నెత్తి మీద ఆకాశం దాకా ఉన్న గాలి బరువే ఆ ఒత్తిడి. పైకి వెళ్లే కొద్దీ నెత్తి మీద గాలి తగ్గుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. ఎండాకాలంలో నల్లా ప్రెషర్ పడిపోవడం మనకు తెలిసిందే. నీళ్లు అవే నీళ్లు, పైపు అదే పైపు, కానీ బిందె నిండడానికి పావుగంట పడుతుంది. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టేది కూడా ఇలాంటి ఒత్తిడే.

ఆక్సిజన్ శాతమే తగ్గే చోటు కూడా మన దగ్గరే ఉంది. భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు బాయిల్లో పనిచేసినవాళ్లను అడిగితే చెబుతారు. భూమి లోపల మీథేన్, కార్బన్ డయాక్సైడ్ చేరి ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తాయి. అందుకే బొగ్గు గనుల నిబంధనలు పనిచేసే చోట ఆక్సిజన్ 19 శాతం కంటే తగ్గకూడదంటాయి. బాయిలో ఒత్తిడి ఉంటుంది, వాటా తగ్గుతుంది. కొండ మీద వాటా ఉంటుంది, ఒత్తిడి తగ్గుతుంది. దారులు వేరైనా శరీరానికి అందే దెబ్బ ఒకటే.

అంకెల్లో చూస్తే

బీపీ కొలిచే యూనిట్‌లోనే, అంటే పాదరసం మిల్లీమీటర్లలోనే, గాలి ఒత్తిడినీ కొలవొచ్చు. సముద్ర మట్టం దగ్గర అది 760. సుమారు 270 మీటర్ల ఎత్తున ఉన్న వరంగల్, హనుమకొండల్లో 735 దగ్గర. 3,583 మీటర్ల ఎత్తున ఉన్న కేదార్‌నాథ్‌లో 490 దగ్గర.

పీల్చిన గాలి గొంతు దిగేలోపు తడెక్కుతుంది. ఆ నీటి ఆవిరి 47 మిల్లీమీటర్ల జాగా తీసుకుంటుంది. మిగిలిన దాంట్లో 21 శాతం ఆక్సిజన్ ఒత్తిడి. హనుమకొండలో 735 నుంచి 47 తీసేస్తే 688, అందులో 21 శాతం సుమారు 144. కేదార్‌నాథ్‌లో 443 మిగులుతుంది, అందులో 21 శాతం 93.

కానీ ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి గదుల్లోకి ఈ 144 గానీ 93 గానీ పూర్తిగా చేరవు. అక్కడ రక్తం ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటుంది. మామూలు తిండి తినే మనిషి అయిదు పాళ్లు ఆక్సిజన్ వాడితే సుమారు నాలుగు పాళ్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గాలి గదుల్లో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి మామూలుగా 40 ఉంటుంది. అంటే ఆక్సిజన్ లెక్కలో 50 తగ్గించుకోవాలి. హనుమకొండలో 144 నుంచి 50 పోతే 94 మిగులుతుంది. ఆక్సీమీటర్‌లో 98 చూపించడానికి అది చాలు.

కేదార్‌నాథ్‌లో? 93 నుంచి 50 పోతే 43. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ 80 శాతం కూడా నిండదు. ఆక్సీమీటరు చూపించేది ఈ నిండుదనాన్నే.

బాబాయి శరీరానికి ఇక్కడ ఒక్కటే దారి. ఊపిరి పెంచి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి ఊదేయాలి. 40 ఉన్నది 30కి దిగితే తీసేయాల్సింది 50 కాదు, 37 మాత్రమే. 93 నుంచి 37 పోతే 56. నిండుదనం 88 దగ్గరికి చేరుతుంది. బయటి గాలి ఏమీ మారలేదు. దమ్ము పెరిగినందుకే 43 కాస్తా 56 అయింది. పిన్ని భయపడిన ఆ ఆయాసమే బాబాయిని నిలబెడుతున్నదని నేను గ్రూపులో రాశాను. ఎవరూ నమ్మలేదనుకోండి.

ఒక ఊపిరికి ఇద్దరు కాపలాదారులు

మరి ఊపిరి ఇంకా పెంచుకుంటే సరిపోదా? అక్కడే పేచీ. మన ఊపిరిని ఇద్దరు కాపలాదారులు నడుపుతారు, వాళ్లిద్దరికీ కొండ మీద పడదు.

ఒకరు మెడలో ఉంటారు. దవడ కింద నాడి తగిలే చోట, పెద్ద రక్తనాళం రెండుగా చీలే దగ్గర, బియ్యపు గింజంత కణజాలం రెండు వైపులా ఉంటుంది. వీటిని కరోటిడ్ బాడీలంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే కొన్ని సెకన్లలోనే "ఊపిరి పెంచు" అని మెదడుకు కబురు పంపుతాయి. ఈ పని కనిపెట్టినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ వచ్చింది.

రెండో కాపలా మెదడు అడుగున ఉంటుంది. దానికి ఆక్సిజన్‌తో పనిలేదు, కార్బన్ డయాక్సైడ్ వల్ల పుట్టే ఆమ్లాన్నే చూస్తుంది. మన ఊళ్లో ఉన్నంతకాలం పెత్తనం దీనిదే. ఊపిరి బిగబట్టినప్పుడు తట్టుకోలేక వదిలేస్తామే, ఆ తొందర చాలావరకు కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్లే వస్తుంది.

కొండెక్కగానే మెడ కాపలా "పెంచు" అంటుంది. ఊపిరి పెరిగి కార్బన్ డయాక్సైడ్ పడిపోగానే మెదడు కాపలా "ఇక చాలు, ఆపు" అని బ్రేకు వేస్తుంది. మొదటి రోజు దమ్ము రావాల్సినంత రాకపోవడానికి కారణం ఈ బ్రేకే.

రాజీ కుదిర్చేది కిడ్నీలు. రక్తంలో క్షారంగా ఉండే బైకార్బొనేట్‌ను మూత్రంలో వదిలేసి ఆమ్లం, క్షారం పొత్తును మళ్లీ సరిచేస్తాయి. అప్పుడు బ్రేకు వదులవుతుంది, ఊపిరి ఇంకాస్త పెరుగుతుంది. దీనికి గంటలు చాలవు, రోజులు పడుతుంది. డాక్టర్లు కొందరికి రాసే డయామాక్స్ మాత్ర చేసేది కూడా ఇదే పని, కిడ్నీల చేత బైకార్బొనేట్‌ను త్వరగా వదిలిస్తుంది. అది నేరుగా ఆక్సిజన్ ఇచ్చే మాత్రేమీ కాదు.

ఈ రాజీ అసలు ఎక్కడ జరుగుతుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో చాలాకాలం వాదన నడిచింది. మెదడు చుట్టూ ఉండే ద్రవంలో ఆమ్లం సరిపడటమే అసలు కారణమని పాత తరం నమ్మింది. అక్కడ పొత్తు పూర్తిగా కుదరకముందే ఊపిరి పెరుగుతున్నదని తర్వాతి కొలతల్లో తేలింది. రోజులు గడిచే కొద్దీ మెడలోని కరోటిడ్ బాడీలే మరింత చురుకవుతాయని, అదే ఆక్సిజన్ లోటుకు ముందుకంటే గట్టిగా కేక వేస్తాయని ఇప్పుడు ఎక్కువమంది అంటారు. రెండూ కలిసే నడుస్తాయనడం సబబని నాకనిపిస్తుంది. కిడ్నీల వంతును మాత్రం ఏ పక్షమూ కొట్టిపారేయలేదు.

నడక మొదలైతే ఏమవుతుంది

ఇంతవరకు చెప్పింది కూర్చున్న మనిషి సంగతి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ దారి దాదాపు 16 కిలోమీటర్లు, పైకి 1,600 మీటర్లు.

ఒక వాలు ఎక్కడానికి కండరాలకు కావలసిన ఆక్సిజన్ ఎక్కడైనా ఒకటే. మారేది మనిషి గరిష్ఠంగా వాడుకోగల మోతాదు. 1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకు ఆ గరిష్ఠం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని లెక్క. బాబాయి గరిష్ఠం హనుమకొండలో కిలో బరువుకు నిమిషానికి 35 మిల్లీలీటర్లు అనుకుందాం. ఆ వాలు ఎక్కడానికి 18 కావాలనుకుందాం. ఇక్కడైతే శక్తిలో సగం. కేదార్‌నాథ్ ఎత్తులో గరిష్ఠం 27కు పడిపోతుంది కాబట్టి అదే 18 మూడింట రెండు వంతులవుతుంది. మెట్టు ఎత్తు పెరగకపోయినా కాలికి నిటారుగా తోస్తుంది.

ఊపిరి లెక్క కూడా చూద్దాం. అలా నడిచే 70 కిలోల మనిషి కార్బన్ డయాక్సైడ్‌ను 40 దగ్గర ఉంచాలంటే గాలి గదులకు నిమిషానికి సుమారు 25 లీటర్ల గాలి చేరాలి. 30 దగ్గర ఉంచాలంటే 33 లీటర్లు. ఇది గదులకు చేరే గాలి మాత్రమే, ముక్కు దగ్గర పీల్చేది ఇంకా ఎక్కువ. చల్లటి పొడి గాలిని అంతగా పీల్చి తడిపి వదలడంలో నీళ్లు కూడా బాగానే పోతాయి, గొంతు ఎండి పొడిదగ్గు పట్టుకుంటుంది. ఒక్క మేలు ఏమిటంటే గాలి పల్చన కాబట్టి ఊపిరి గొట్టాల్లో సులువుగా పారుతుంది. అయినా ఛాతీ కండరాలు తమ పనికి తామే ఆక్సిజన్ తింటాయి, కాళ్లకు వెళ్లాల్సిన దాంట్లోంచే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒక ఎర్ర రక్తకణం ఊపిరితిత్తిలోని సన్న రక్తనాళం గుండా సాగడానికి ముప్పావు సెకను పడుతుంది. గట్టిగా శ్రమిస్తే గుండె రక్తాన్ని తరిమేస్తుంది, ఆ వ్యవధి పావు సెకనుకు దిగుతుంది. హనుమకొండలో ఒత్తిడి దండిగా ఉంటుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పావు సెకను చాలు, కణం నిండిపోతుంది. కొండ మీద నెట్టే ఒత్తిడే తక్కువ, ఆపై సమయమూ తక్కువ. కాజీపేట జంక్షన్లో రైలు రెండు నిమిషాలే ఆగితే కొంతమంది ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయినట్టు, కణాలు పూర్తిగా నిండకుండానే బయల్దేరతాయి.

అందుకే కొండ మీద కూర్చున్నప్పుడు 88 చూపించిన ఆక్సీమీటరు ఎక్కిన వెంటనే 84 చూపిస్తుంది. పిన్ని తీసిన ఫొటో సరిగ్గా అప్పటిదే. అరగంట దుప్పటి కప్పుకుని కూర్చున్నాక 89 వచ్చింది. చలికి మొద్దుబారిన వేళ్ల మీద ఆ మిషన్ తప్పు లెక్క కూడా చూపిస్తుందని మర్చిపోకూడదు.

రాత్రి ఊపిరి ఆగిపోయినట్టు

ఆ రాత్రి పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. బాబాయి నిద్రలో గబగబా ఊపిరి తీసి, పది సెకన్లు అసలు తీయడం లేదట, మళ్లీ ఉలిక్కిపడినట్టు మొదలుపెడుతున్నాడట. ఇదీ ఆ ఇద్దరు కాపలాదారుల పేచీయే. మెడ కాపలా గట్టిగా ఊదిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మరీ పడిపోగానే మెదడు కాపలా ఊపిరినే ఆపేస్తుంది. ఆగిన కాసేపట్లో ఆక్సిజన్ పడిపోతుంది, మెడ కాపలా మళ్లీ కేకవేస్తుంది. మెలకువలో ఉంటే ఈ ఊగులాట తెలియదు. ఎత్తు ప్రదేశాల్లో ఆరోగ్యవంతుల్లోనూ ఇది మామూలే.

మామూలు కానివి వేరే ఉన్నాయి. కూర్చున్నా, పడుకున్నా తగ్గని ఆయాసం, నురగతో కూడిన దగ్గు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదనడానికి గుర్తులు. తాగినవాడిలా తూలడం, మాట తడబడటం మెదడు వాస్తున్నదనడానికి గుర్తులు. ఇవి కనిపిస్తే రోజులు గడిస్తే సర్దుకుంటుందన్న లెక్క పనిచేయదు, వెంటనే కిందికి దించడమే వైద్యం. బాగా వ్యాయామం చేసేవాళ్లకు ఇవి రావన్న నమ్మకం కూడా తప్పే. ఫిట్‌నెస్ ఉన్నవాళ్లు తొందరగా ఎక్కేస్తారు కాబట్టి ఒక్కోసారి వాళ్లే ముందు పడిపోతారు.

హెలికాప్టర్, డబ్బా, కర్పూరం, ప్రాణాయామం

నడిచి ఎక్కినవాళ్లకు కనీసం కొన్ని గంటలు దొరుకుతాయి. హెలికాప్టర్‌లో వెళ్లినవాళ్లు నిమిషాల్లో దిగుతారు, కాళ్ల నొప్పులుండవు కానీ కిడ్నీలకు మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. పర్వత వైద్యులు 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచొద్దనడానికి కారణం ఈ నెమ్మదితనమే. దర్శనం చేసుకుని వెంటనే దిగిపోయేవాళ్లకు అక్కడే పడుకునేవాళ్లంత ఇబ్బంది రాకపోవడం కూడా ఇందుకే.

డబ్బా లెక్క సులువు. 10 లీటర్లు అని రాసి ఉన్న ఆక్సిజన్ డబ్బా, నిమిషానికి 30 లీటర్లు పీల్చే మనిషి. దాన్నే పీలిస్తే 20 సెకన్లు. తుంపర్లుగా వాడితే కాసేపు ధైర్యం. కర్పూరం ముక్కులో చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్‌ను పెంచదు. కరోనా రెండో వేవ్‌లో కర్పూరం మూటల ఫార్వర్డులు వచ్చినప్పుడూ ఇదే మాట, ఇప్పుడూ ఇదే మాట.

ప్రాణాయామాన్ని మాత్రం అలా తీసిపారేయలేం. పీల్చిన ప్రతి ఊపిరిలో దాదాపు 150 మిల్లీలీటర్లు గొంతు, గొట్టాల్లోనే ఉండిపోతాయి. నిమిషానికి 6 లీటర్లు పీల్చే మనిషిని తీసుకుందాం. 200 మిల్లీలీటర్ల చొప్పున 30 సార్లు పీలిస్తే గదులకు చేరేది 1.5 లీటర్లే. 500 చొప్పున 12 సార్లు పీలిస్తే 4.2 లీటర్లు. లీటరు చొప్పున 6 సార్లు పీలిస్తే 5.1 లీటర్లు. అంటే అదే గాలిలో నిదానంగా, లోతుగా పీల్చేవాళ్లకు ఎక్కువ గిట్టుబాటు. నిదానంగా పీల్చే యోగ సాధకులు తక్కువ ఆక్సిజన్‌లోనూ తమ రక్తాన్ని బాగా నింపుకోగలిగారని కొన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. అయితే అవి కూర్చున్నవాళ్ల మీద చేసిన ప్రయోగాలు. నిటారు వాలు ఎక్కుతూ నిమిషానికి ఆరు ఊపిరులంటే ఎవరివల్లా కాదు, అంత శ్రమలో శరీరం తన లయ తానే ఎంచుకుంటుంది.

కొండ మీద కసరత్తు చేసినట్టే ఉంటుందని జిమ్ కుర్రాళ్లు పెట్టుకునే ఎత్తు మాస్కులది ఇంకో కథ. అవి గాలికి అడ్డుపడతాయి తప్ప గాలి ఒత్తిడిని తగ్గించవు. ఛాతీ కండరాలకు కసరత్తు అవుతుందేమో గానీ, హనుమకొండ హనుమకొండే.

పుట్టుకతో పైన ఉన్నవాళ్లు

కొన్ని వారాలు పైనే ఉంటే ఎర్ర రక్తకణాలు కూడా పెరుగుతాయి. మూడో రోజే పెరిగినట్టు కనిపించేది మాత్రం రక్తంలో నీళ్లు తగ్గి చిక్కబడటం వల్ల.

వేల ఏళ్లుగా పైనే బతుకుతున్నవాళ్లలో దారులు వేరు. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల జనం ఊపిరి తక్కువ పెంచుతారు, రక్తాన్ని చిక్కగా చేసుకుంటారు. అది మరీ చిక్కబడి జబ్బు పడేవాళ్లూ ఉంటారు. టిబెటన్లు ఊపిరి ఎక్కువ తీస్తారు, రక్తం చాలావరకు పల్చగానే ఉంచుకుంటారు. ఈపీఏఎస్1 అనే జన్యువులో తేడా దీని వెనుక ఉందని 2010లో వచ్చిన పరిశోధనలు చెప్పాయి. మరి ఊపిరి బాగా పెంచగలిగినవాళ్లే గొప్ప పర్వతారోహకులా అంటే, అదీ తేలలేదు. కొన్ని కొలతల్లో అలా కనిపించింది, పేరున్న కొందరు ఆరోహకుల్లో ఆ స్పందన మామూలుగానే ఉంది.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణది మన నిజామాబాద్ జిల్లాలోని పాకాల. అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. భువనగిరి గుట్ట మీద వీళ్లు నేర్చుకున్నది బండ ఎక్కే నేర్పు. ఊపిరికి కావలసిన అలవాటు భువనగిరిలో దొరకదు, అందుకు లదాఖ్ లాంటి ఎత్తుకు పోవాల్సిందే.

ఎవరెస్ట్ కొన మీద మన లెక్క వేసి చూడండి. 1981లో ఒక వైద్య పరిశోధన యాత్ర అక్కడ కొలిచిన గాలి ఒత్తిడి 253. నీటి ఆవిరి 47 పోతే 206, అందులో 21 శాతం 43. కార్బన్ డయాక్సైడ్ 40 దగ్గరే ఉంటే తీసేయాల్సింది 50. మిగిలేది సున్నా కంటే కింద! కాగితం మీద మనిషి బతకడానికే వీల్లేదు. అదే యాత్రలో కొన మీద వదిలిన ఊపిరిని పట్టి చూస్తే కార్బన్ డయాక్సైడ్ 7.5 వచ్చింది. అంటే గాలి గదులను మామూలు కంటే అయిదు రెట్లు ఊదేస్తున్నారన్నమాట. 1978 మే 8న పర్వతారోహకులు మెస్నర్, హాబెలర్ ఆక్సిజన్ సిలిండర్ లేకుండా అక్కడ నిలబడగలిగింది ఈ దమ్ముతోనే.

బాబాయి మర్నాడు దర్శనం చేసుకుని గౌరీకుండ్‌కు దిగాడు. ఇంకా కింద ఉన్న సోన్‌ప్రయాగ్‌లో తీసిన ఫొటోలో 96 ఉంది. ఇంటికొచ్చిన రోజు బండ్ మీద నడుస్తూ ఇంకా కాస్త ఎక్కువ ఊపిరి వస్తున్నట్టుందని నాతో అన్నాడు. రైలు అలసట కావొచ్చు. కానీ కొండ మీద కొన్నాళ్లు గడిపి దిగినవాళ్లలో ఊపిరి వెంటనే పాత లెక్కకు రాదు, కిడ్నీలు వదిలేసిన బైకార్బొనేట్‌ను మళ్లీ కూడబెట్టుకునేదాకా కొన్ని రోజులు పడుతుంది. ఆక్సీమీటరు మాత్రం జేబులోనే ఉంది. బండ్ చివర బెంచీ మీద కూర్చుని వేలికి పెట్టుకున్నాడు. 98.